ఐదున్నర గంటలు ముందు నడిచిన పెట్టె

ముందే చెప్పేస్తున్నాను. దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. మా పేటలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందంటారు, ఎవరి వల చిరిగినా దిష్టి తగిలిందంటారు. చిన్నప్పటి నుంచి ఆ మాటలు విని విని నాకు ఒళ్ళు మండిపోయేది. దారిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ కనబడితే అందరూ దాటుకుని వెళ్ళేవారు, నేను తొక్కి మరీ వెళ్ళేవాణ్ణి. ఏదైనా జరిగిందంటే దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇదీ నా వాదన.

అందుకే ఈ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కోపం వచ్చి లేచిపోయాను. ఇన్నేళ్ళు వెతికాను, కారణం దొరకలేదు. దొరికిందని ఎవరైనా అంటే మాత్రం వాళ్ళ మీద కూడా కోపం వస్తుంది.

మాది మచిలీపట్నం. మేం బందరు అంటాం. రేవుకి దగ్గర్లో మా పేట. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది మా అక్క నాగమణి, బావ ఏడుకొండలు. వాళ్ళకి పిల్లల్లేరు. బావది వేట. సముద్రంలో చేపలు పట్టడాన్ని మేం వేట అనే అంటాం. ఒక ఫైబర్ బోటు, దానికో మోటారు, తోడుగా పోలయ్య మావయ్య. ఇద్దరూ పగలు బయలుదేరి, రాత్రి వల వేసి, మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చేవారు. ఆ సంపాదనతోనే నన్ను డిప్లొమా చదివించాడు. నేను గుడివాడలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఇదంతా రెండువేల ఆరో సంవత్సరం నాటి మాట.

మా అక్కకి ఒక అలవాటుండేది. బావ బయలుదేరే ముందు టీవీలో వాతావరణం చూడాల్సిందే. బావ నవ్వేవాడు. "ఆకాశం నెత్తి మీదుంటే నీకు గాజు పెట్టెలో కావాలా?" అనేవాడు. అయినా ఆమె చూసి సరేనన్నాకే కదిలేవాడు. ఆ బోటులో వైర్‌లెస్ సెట్టు లేదు. ఇంట్లో రేడియో ఉప్పుగాలికి ఎప్పుడో మూగబోయింది. సెల్‌ఫోను మొగ, అంటే కాలువ సముద్రంలో కలిసే చోటు, దాటి కాస్త దూరం పోతే పలకదు. ఉన్నదల్లా ఆ టీవీ ఒక్కటే.

ఆ టీవీని పోగొట్టింది నేను. మా వీధికి వచ్చే కేబుల్ బొమ్మ సగం రోజులు చీమలు పాకినట్టుండేది. నేను వెళ్ళి కేబుల్ వాణ్ణి నిలదీశాను. మాట మాట పెరిగింది. వాడు మర్నాడు మా వీధి మొత్తానికి వైరు కోసేశాడు. వీధిలో ఆడవాళ్ళందరూ నన్ను చూసి మూతి తిప్పుకునేవారు. అక్క మాత్రం, "నీ నోరు మంచిదైతే ఊరు మంచిదవును కదరా" అని ఒక్క మాట అని ఊరుకుంది. దాంతో నాకు ఇంకా పౌరుషం వచ్చింది.

"వాడి వైరు ఎవడిక్కావాలి? నేనే తెప్పిస్తా ఆకాశం నుంచి" అన్నాను.

అప్పటికే సర్కారు వాళ్ళ ఉచిత ఛానెళ్ళు ఉపగ్రహం నుంచి వస్తున్నాయి. ఒక డిష్షు, ఒక డబ్బా కొనుక్కుంటే చాలు. మామూలు మనుషులందరూ అదే చేశారు. నేను మాత్రం గుడివాడలో ఒక రిపేరు షాపులో మూల పడి ఉన్న డిజిటల్ టీవీ ట్యూనర్ కార్డు తెచ్చాను. కంప్యూటరు లోపల గుచ్చితే, డిష్షు నుంచి వచ్చే సిగ్నల్‌ని అది బొమ్మగా మారుస్తుంది. నా కంప్యూటర్లో లైనక్స్ ఉండేది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఊరికే ఇస్తారు. ఆ రోజుల్లో నాకు దాని పిచ్చి. డబ్బాలో వచ్చే బొమ్మని ఎవడైనా చూస్తాడు, లైనక్స్‌లో తెప్పించినవాడే మొనగాడు అని నా పొగరు.

మూడు వారాలు నరకం చూశాను. కార్డు గుచ్చితే లైనక్స్ దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, కార్డుకి ప్రాణం పోసే ఒక చిన్న ఫైలు కావాలంది. ఆ ఫైలు కోసం నెట్ సెంటర్లో కూర్చుని సీడీ మీద ఎక్కించుకుని తెస్తే, బందరు వచ్చేసరికి ఆ సీడీ చదవలేదు. మళ్ళీ గుడివాడ. ఈసారి ఫైలు సరైనదే కానీ నా లైనక్స్ పాతది. మొత్తం కొత్తగా తయారు చేసుకోవడానికి మా కంప్యూటరుకి ఏడు గంటలు పట్టింది, అందులో రెండుసార్లు కరెంటు పోయింది. కీబోర్డు మీద గుద్దితే ఒక మీట ఊడి మంచం కిందకి పోయింది. అక్క అన్నం తినమంటే విసుక్కునేదాకా వచ్చాను.

ఇంకో చిన్న తప్పు కూడా ఉండేది. కంప్యూటరు లోపల బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంటుంది. అందులో నేను మన టైమే పెట్టాను. లైనక్స్ మాత్రం అది లండన్ టైము అనుకుని, దానికి ఐదున్నర గంటలు కలిపి చూపించేది. ఇక్కడ పొద్దున్న తొమ్మిదైతే స్క్రీన్ మీద మధ్యాహ్నం రెండున్నర. కొత్తగా లైనక్స్ వేసుకున్నవాళ్ళు చాలామంది చేసే పొరపాటే. ఒక్క లైను మారిస్తే పోతుంది. ముందు బొమ్మ రానీ, తర్వాత చూద్దాం అని వదిలేశాను. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు నాకు సెలవు. వినాయకచవితి వెళ్ళి నెల దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. బావ పది గంటలకి బయలుదేరాలి. తొమ్మిదింటికి నేను డిష్షు తిప్పే పనిలో ఉన్నాను. అంటే డాబా మీద బావ, వాకిట్లో అక్క, గదిలో కంప్యూటరు ముందు నేను. తెరమీద సిగ్నల్ అంకెలు లైను తర్వాత లైను పడుతున్నాయి.

"వచ్చిందా?" అని పైనుంచి బావ.

"వచ్చిందా అంటున్నాడ్రా?" అని వాకిట్లోంచి అక్క.

"రాలేదు, కొంచెం ఎడమకి!" అని నేను.

నా దగ్గర దిక్సూచి ఉంది, లెక్క ఉంది, డిష్షు ఎన్ని డిగ్రీలు ఎత్తాలో కాగితం మీద రాసుకున్నాను. అరగంట అరిచినా అంకె లేవలేదు. నాకు తిక్క రేగి డాబా మీదకి వెళ్ళేసరికి బావ నా కాగితం మడిచి చెవిలో తిప్పుకుంటున్నాడు. "మీ నాన్నకీ నాకూ ఎవడు ఇచ్చాడ్రా దిక్సూచి? ఎటు ఉండాలో చేతికి తెలుస్తుంది" అని డిష్షుని రెండు చేతులా పట్టుకుని ఒక్క నెట్టు నెట్టాడు. కింద గదిలోకి తొంగి చూసి అక్క కేకేసింది. తెరమీద ఏదో కొత్త మాట వచ్చిందట. సిగ్నల్ దొరికింది. బావ వెంటనే బోటు తాడు ముక్క తెచ్చి, లంగరుకి వేసే ముడి వేసి, డిష్షుని పిట్టగోడ ఇనుప కడ్డీకి బిగించేశాడు.

"ఇంక తుఫానొచ్చినా కదలదు" అన్నాడు. ఆ మాట అన్నాడు. నేను కల్పించడం లేదు.

కిందకి దిగాక నన్ను ఏడిపించడానికి, "బొమ్మ వస్తే పిలవరా బావమరిదీ, మొగ దాకా పోయినా వెనక్కొచ్చి చూసిపోతా" అన్నాడు.

అక్కకి కోపం వచ్చింది. "ఛీ, వేటకి పోతా ఏం మాటలవి? వెనక్కి పిలవడమేంటి?" అంది.

మా దగ్గర ఇది పెద్ద పట్టింపు. బయలుదేరినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. వేటకి వెళ్ళేవాణ్ణి అసలే పిలవకూడదు. ఏదైనా మర్చిపోతే మర్చిపోయిందే, అది లేకుండానే వెళ్ళాలి. బావ నవ్వుకుంటూ సైకిలెక్కి రేవుకి వెళ్ళిపోయాడు.

నేను ఛానెళ్ళు వెతికే పనికి కూర్చున్నాను. సిగ్నల్ దొరికినంత మాత్రాన బొమ్మ రాదు. అన్ని ఫ్రీక్వెన్సీలూ జల్లెడ పట్టాలి. గంటకి పైగా పట్టింది. చివరికి బొమ్మ వచ్చింది. మూడు వారాల తర్వాత వచ్చింది. గళ్ళు గళ్ళుగా వచ్చి, ఆగి, మళ్ళీ కుదురుకుంది. నేను కేకేస్తే అక్క అన్నం వార్చే గుడ్డ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

తెలుగు వార్తలు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ. కుడిచేతి బొటనవేలికి తెల్లటి కట్టు. వెనక కోస్తా మ్యాపు, బందరుకి తూర్పున ఎర్రటి చుట్ట. శబ్దం ఇంకా రావడం లేదు. కింద అక్షరాలు మాత్రం కదులుతున్నాయి. అల్పపీడనం ఉన్నట్టుండి బలపడిందనీ, ఈ రాత్రికి కృష్ణా తీరంలో పెనుగాలులనీ, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదనీ, వెళ్ళినవారు వెంటనే తిరిగి రావాలనీ. బొమ్మ మూలన ఛానెల్‌వాళ్ళు వేసే టైము నాలుగు ముప్పై అయిదు. నేను రికార్డు మీట నొక్కాను. ముప్పై ఎనిమిది సెకన్లు. తర్వాత తెర నల్లగా అయిపోయింది.

అప్పుడు మా గోడ గడియారంలో పదకొండూ అయిదు. అది నేను చూశాను, అక్క కూడా చూసింది.

టైము సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఫోను తీశాను. అక్క నా చెయ్యి పట్టేసుకుంది.

"వద్దురా. వెనక్కి పిలవకు."

"ఫోన్లో పిలిస్తే వెనక్కి పిలిచినట్టు కాదే!"

"పిలుపు పిలుపేరా!"

"చస్తాడే అక్కడ! ఇప్పుడు చూశావు కదా!" అని అరిచాను. అక్క చెయ్యి వదిలేసింది.  బావ ఇంకా మొగ దాటలేదు, ఫోను ఎత్తాడు. నేను చెప్పింది విని పెట్టేశాడు. అరగంటలో ఇంటికొచ్చాడు. వెనకే పోలయ్య మావయ్య, ఆ వెనక వీధిలో సగం మంది.

బావకి మామూలుగా కోపం రాదు. ఆ రోజు వచ్చింది. ఐసు కరిగిపోతోంది, పోటు పోతోంది, అందరి ముందూ వెనక్కి పిలిపించుకున్నాడు. "చూపించరా" అన్నాడు.

తెర మీద అప్పటికి బొమ్మ వచ్చింది. వరిలో తెగుళ్ళ గురించి ఒకాయన మాట్లాడుతున్నాడు. అక్షరాల్లేవు, తుఫాను లేదు. సరే, రికార్డు చూపిస్తానని ఫైలు తెరిస్తే తెరుచుకోలేదు. సగంలో ఆగిన రికార్డింగు, ముందు దాన్ని బాగు చెయ్యాలి. వీధిలోవాళ్ళు కిసుక్కున నవ్వారు. అవనిగడ్డలో మా మేనత్త ఇంట్లో కేబుల్ ఉంది. ఆవిడకి ఫోన్ చేశాను. "తుఫానా? ఇక్కడ అప్పడాలు ఎండేశానయ్యా, ఫెళ్ళున కాస్తోంది. టీవీలో ఏమీ చెప్పలా" అంది. పక్క వీధిలో కనుక్కుంటే అక్కడా అదే మాట.

బావ అప్పుడు తెర మూలనున్న కంప్యూటరు టైము చూశాడు. తన చేతి గడియారం చూసుకున్నాడు. తెర మీద అయిదూ పది. చేతి గడియారంలో పదకొండూ నలభై.

"ఒరే, దీనికి ఇప్పుడెంతయ్యిందో తెలీదు. ఇది నాకు రాత్రి గాలి చెప్తదా?" అన్నాడు.

అందరూ ఘొల్లుమని నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. అక్కడ నాకు నా తెలివితేటలు గుర్తొచ్చాయి. ఏదైనా జరిగితే దానికో కారణం ఉంటుంది కదా. ఆలోచించాను. బొమ్మలో టైము నాలుగు ముప్పై అయిదు. అప్పటికి అది ఇంకా రాలేదు. కాబట్టి అది ఈ రోజుది కాదు. ఎప్పటిదో పాత టేపు ఎవరో వేసి చూసుకుంటుంటే నా కార్డుకి తగిలింది. తేదీ కూడా లేదు. ఇంతకంటే స్పష్టమైన కారణం ఏముంటుంది? నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. నా అంతట నేనే ఆ మాట అన్నాను.

"పొరపాటు నాదే బావా. అది పాతది. నువ్వు వెళ్ళు."

అక్క నా వంక చూసింది. "నిజంగా పాతదేనా?" అని అడిగింది. ఆ బల్ల ముందు నాతోపాటు నిలబడి చూసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ నా మాట కోసం చూస్తోంది. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే మరి.

"పాతదేనే. లెక్క సరిపోయింది" అన్నాను.

వెనక్కి పిలిచినవాణ్ణి మళ్ళీ పంపాలంటే మాకో పద్ధతి ఉంది. కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కొత్తగా బయలుదేరినట్టు పంపాలి. అప్పుడు దోషం పోతుంది. అక్క భోజనం పెట్టింది. చెంబుతో నీళ్ళిచ్చింది. బావ తాగాడు. వాళ్ళు భోంచేస్తుండగా నేను కంప్యూటర్లో ఆ ఒక్క లైనూ మార్చాను. తెర మీద టైము గోడ గడియారంతో కలిసింది. బావకి చూపించాను కూడా. "ఇప్పుడు సరిగ్గా ఉంది బావా" అన్నాను. నా భుజం మీద ఒక్కటి చరిచి నవ్వాడు. కోపం పోయింది ఆయనకి. అక్క నీళ్ళిచ్చి శకునం సరిచేసింది, నేను టైము సరిచేశాను. మధ్యాహ్నం రెండు గంటలకి బావ వెళ్ళాడు. ఈసారి ఎవరూ వెనక్కి పిలవలేదు.

వాళ్ళు వెళ్ళాక అవమానం నెత్తికెక్కింది. కంప్యూటరు ఆపేసి, స్క్రూలు విప్పి, కార్డు పీకి అట్టపెట్టెలో పడేశాను. ఆ పెట్టె సంచిలో వేసుకుని బందరు సెంటర్‌కి వెళ్ళాను. గుడివాడ బస్సెక్కి ఆ షాపువాడి మొహాన కొట్టి రావాలని నా ఉద్దేశం. బస్టాండు దగ్గర టీ కొట్లో ఆగాను. కొట్లో టీవీ మోగుతోంది.

ఆకుపచ్చ చీర. కుడిచేతి బొటనవేలికి తెల్ల కట్టు. వెనక మ్యాపు, ఎర్ర చుట్ట. మూలన నాలుగు ముప్పై అయిదు. ఈసారి శబ్దం కూడా ఉంది. నేను పొద్దున చదివిన అక్షరాలే అదే వరసలో కదులుతున్నాయి.

టీ గ్లాసు ఏం చేశానో గుర్తు లేదు. బావకి ఫోన్ చేశాను. మీరు పిలుస్తున్న వ్యక్తి అందుబాటులో లేరని ఒక ఆడగొంతు తియ్యగా చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే గొంతు. ఆ రోజు ఆ గొంతు మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఏ మనిషి మీదా రాలేదు. ఆటో పట్టుకుని రేవుకి వెళ్ళేసరికి గాలి మొదలైంది. పొద్దున వెళ్ళిన బోట్లు అప్పటికే వచ్చేసి ఉన్నాయి. అంత ఆలస్యంగా వెళ్ళింది మా బావ ఒక్కడే. ఎందుకు ఆలస్యమైందో మీకు తెలుసు. ఎవరైనా బోటు తియ్యండని కాళ్ళు పట్టుకున్నాను. మొగ దగ్గర అలలు చూసి ఒక్కరూ కదల్లేదు. వాళ్ళని తప్పు పట్టను. నేనైనా తియ్యను.

పోలయ్య మావయ్యని మర్నాడు సాయంత్రం వేరే బోటువాళ్ళు తీసుకొచ్చారు. ఖాళీ డీజిల్ డబ్బా కౌగిలించుకుని తేలుతూ దొరికాడు. బావ మూడో రోజున దివిసీమ వైపు ఒడ్డుకి వచ్చాడు. అవనిగడ్డ ఆసుపత్రిలో గుర్తుపట్టింది నేనే. చేతికి గడియారం ఇంకా ఉంది. ఆగిపోయి ఉంది. దాని టైము గురించి మీరేదో ఊహించుకోవద్దు, అది మామూలుగా ఏదో టైములో ఆగిపోయింది, అంతే.

పేటంతా ఒకటే మాట. వెనక్కి పిలిచి చంపాడని. పదో రోజున వచ్చిన ప్రతి ముసలమ్మా నా వైపు చూస్తూ ముక్కు చీదింది. ఒకావిడ నా ఎదురుగానే, "పిలవకపోతే సుబ్బరంగా వలేసుకుని వచ్చేవాడమ్మా" అంది. నా నరాలు చిట్లిపోయేంత కోపం వచ్చింది. వెనక్కి పిలిచినందుకు కాదమ్మా, వెనక్కి పిలిచినవాణ్ణి మళ్ళీ పంపినందుకు పోయాడని అరవాలనిపించింది. అరిస్తే ఏం చెప్పాలి? సాయంత్రం నాలుగున్నరకి రాబోయే వార్త నేను పొద్దున పదకొండుకి చూశానని చెప్పాలి. నేనే నమ్మని మాట ఎవరితో చెప్పను?

తర్వాత ఆ రికార్డు ఫైలు బాగు చేశాను. తెరుచుకుంది. ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముప్పై ఎనిమిది సెకన్లు, ఆకుపచ్చ చీర, బొటనవేలి కట్టు, అన్నీ ఉన్నాయి. నాతో పని చేసే ఒకాయనకి చూపించాను. ఆయన ఫైలు వివరాలు చూసి, "సాయంత్రం నాలుగు ముప్పై అయిదుకి రికార్డయిందని ఇక్కడే ఉంది కదండీ. ఇందులో వింతేముంది?" అన్నాడు. నిజమే. కంప్యూటరు ఐదున్నర గంటలు ముందుంది కాబట్టి పదకొండూ అయిదుని నాలుగు ముప్పై అయిదుగా రాసుకుంది. ఉన్న ఒక్క సాక్ష్యం నాకు వ్యతిరేకంగానే చెప్తుంది. ఆ టైముకి కార్డు నా సంచిలో అట్టపెట్టెలో ఉందనీ, నేను బస్టాండులో ఉన్నాననీ అంటే ఆయన జాలిగా చూసి, "బాధలో ఉన్నప్పుడు కొన్ని అటూ ఇటూ అవుతాయండీ" అన్నాడు. ఆయనతో నేను మళ్ళీ మాట్లాడలేదు.

ఆ ఛానెల్‌వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ వార్త అప్పటికప్పుడు చదివిందేననీ, పొద్దున రికార్డు చేసింది కాదనీ చెప్పారు. ఆవిడ వేలు ఎప్పుడు తెగిందని కూడా అడిగాను. పిచ్చివాడనుకుని పెట్టేశారు.

నేను ఎన్ని రకాలుగా ఆలోచించానో లెక్క లేదు. కంప్యూటరుకి టైము తప్పుగా తెలిస్తే, తెర మీద అంకె తప్పుగా పడుతుంది. అంతవరకే దాని చేతిలో ఉన్నది. ఆకాశం నుంచి వచ్చే బొమ్మ దాని గడియారం చూసుకుని రాదు. సాయంత్రమైందని ఒక పిచ్చి పెట్టె అనుకున్నంత మాత్రాన సాయంత్రం బొమ్మ దానికి ఎవరు పంపిస్తారు? ఇది లైనక్స్ తెలిసిన ఎవరినడిగినా చెప్తారు. నేనూ అదే చెప్తాను. చెప్పి, రాత్రంతా పళ్ళు కొరుక్కుంటూ పడుకుంటాను.

బావ పోయిన తర్వాత అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కర్మకాండలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చింది. బల్ల మీదున్న కంప్యూటరు దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"దాని టైము ఎందుకు సరిచేశావురా?"

అక్కకి కంప్యూటరు రాదు. నేను ఆవిడకి ఏదీ వివరించలేదు. అయినా నేను ఎన్నో రాత్రులు తిరిగి తిరిగి ఆగిపోయిన చోటుకే ఆవిడ నేరుగా వచ్చింది. సరిచెయ్యకుండా ఉంటే, కార్డు పీకకుండా ఉంటే, ఆ మధ్యాహ్నం బోటు మొగ దాటే లోపు అది ఇంకోసారి చెప్పేదేమో.  మొదటిసారి అక్క ముందు ఏడ్చాను.

ఆ రోజే కార్డు మళ్ళీ గుచ్చాను. ఆ లైను మళ్ళీ తప్పుగా మార్చాను. తెర మీద టైము ఐదున్నర గంటలు ముందుకి దూకింది. అక్కా నేనూ ఎదురుగా కూర్చున్నాం. బొమ్మ వచ్చింది. ఎప్పటి బొమ్మ అప్పుడే వచ్చింది. మర్నాడూ అంతే. ఆ నెలంతా అంతే.

ఇన్నేళ్ళలో ఇల్లు కొంత మారింది. డాబా మీద డిష్షు తుప్పు పట్టింది గాని, బావ వేసిన ముడి విప్పలేదు, నిజంగానే ఏ తుఫానుకీ కదల్లేదు. ఆ పాత కంప్యూటరు ఇంకా పని చేస్తుంది, ఐదున్నర గంటలు ముందుగానే. వేట లేని నెలల్లో దాని మీద గుడ్డ కప్పి ఉంచుతాం. బోట్లు తిరిగే నెలల్లో అక్క పొద్దున్నే గుడ్డ తీసి మీట నొక్కుతుంది. అది ఒక్కటి నేర్చుకుంది. మా ఇంట్లోంచి ఇప్పుడు సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. అయినా కూర్చుని చూస్తుంది.

దయ్యాల్ని నేను నమ్మను. ఆ రోజు నా తెరమీదకి వచ్చిందేమిటో కూడా చెప్పలేను. ఈ మధ్య కంప్యూటర్లన్నీ నెట్ తగలగానే వాటంతట అవే టైము సరిచేసుకుంటున్నాయి. మొన్న ఇంటికి నెట్ పెట్టడానికి వచ్చిన మనిషి ఆ పాత పెట్టెకి కూడా వైరు తగిలించబోయాడు. నేను నోరు తెరిచేలోపే అక్క లేచి అడ్డంగా నిలబడింది.

"దానికొద్దు బాబూ" అంది. "దాని టైము దానికుండనీ."